కుండ పగిలిందని అందరూ ఒప్పుకుంటారు, ఖరీదు దగ్గరే పేచీ

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. 2003లో అమెరికా ఇరాక్ మీదికి సేనలను నడిపినప్పుడు ఏ దేశమూ దానిపై ఆంక్షలు విధించలేదు. 2022లో రష్యా ఉక్రెయిన్‌లోకి ప్రవేశించిన కొద్ది రోజులకే ఆంక్షలు వరుసగా వచ్చి పడ్డాయి. అలాంటప్పుడు అంతర్జాతీయ చట్టమన్నది ఉత్త మాటేనా అన్నది మొదటిది. దండయాత్రల విషయంలో భారతదేశం ఎల్లప్పుడూ దురాక్రమణను వ్యతిరేకించిందని మీ పరీక్ష వ్యాసాన్ని ముగించవచ్చునా అన్నది రెండవది. విశాఖపట్నంలో ముప్పై ఏళ్ళకు పైగా అంతర్జాతీయ సంబంధాలు బోధించి పదవీ విరమణ చేసినవాణ్ణి. ద్వారకానగర్ గ్రంథాలయంలో పోటీ పరీక్షలకు చదువుకునే అభ్యర్థులు ఈ రెండు ప్రశ్నలనూ ఏదో ఒక రూపంలో నన్ను అడుగుతూనే ఉంటారు, చాలామంది ఒక్క ముక్కలో అవుననో కాదనో చెప్పమంటారు. అలా చెప్పడం నాకు చేతకాదు గనుక కొంచెం ఓపికగా చదవండి.

అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అని మన సామెత. ద్వంద్వ ప్రమాణాల గురించి మాట్లాడే ప్రతివాడూ దీన్ని వాడతాడు గాని, ఇందులోని ఒక సూక్ష్మాన్ని వదిలేస్తాడు. కుండ పగిలిందన్న సంగతిని అత్త కూడా కాదనడం లేదు. పేచీ అంతా దాని ఖరీదు దగ్గర. దండయాత్రల విషయంలోనూ, తప్పు జరిగిందని చెప్పడం ఒకటి, తప్పు చేసినవాడి చేత ఆ ఖరీదు కట్టించడం మరొకటి. మొదటి పనిలో ప్రపంచం మనం అనుకునేంత చపలంగా లేదు. రెండవ పనిలో మాత్రం అది దాదాపు ఎప్పుడూ మనిషిని చూసే లెక్క కట్టింది. ఈ రెంటినీ కలిపేసి చూసినందువల్లనే మీ మొదటి ప్రశ్న అంత చిక్కుముడిగా కనిపిస్తోంది.

ఓట్ల లెక్కలు చూడండి. 1979 డిసెంబరులో సోవియట్ సేనలు అఫ్గానిస్థాన్‌లో దిగాయి. విదేశీ సేనలు వైదొలగాలన్న తీర్మానానికి 1980 జనవరి 14న ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభలో 104 దేశాలు అనుకూలంగా, 18 దేశాలు వ్యతిరేకంగా ఓటు వేశాయి. 1983 అక్టోబరు 25న అమెరికా కరేబియన్ సముద్రంలోని గ్రెనడా అనే చిన్న ద్వీపదేశం మీద దాడి చేసింది. భద్రతామండలిలో తీర్మానాన్ని తన వీటోతో అడ్డుకున్నా, నవంబరు 2న సర్వప్రతినిధి సభ ఆ దాడిని గర్హిస్తూ 108 ఓట్లతో తీర్మానించింది, వ్యతిరేకంగా పడినవి 9. అంటే అఫ్గానిస్థాన్ విషయంలో సోవియట్‌కు ఎదురుగా నిలిచిన దేశాలకంటే గ్రెనడా విషయంలో అమెరికాకు ఎదురుగా నిలిచినవి నాలుగు ఎక్కువ. 2022 మార్చి 2న ఉక్రెయిన్ తీర్మానానికి 141 అనుకూలం, 5 వ్యతిరేకం, 35 దూరం. చిన్న దేశాలకు సరిహద్దు దాటిన సైన్యం ఎవరిదన్నదానికంటే, అది దాటిందన్నదే పెద్ద భయం. రేపు తమ వంతు రావచ్చునన్న ఆ భయమే ఈ ఓట్లను చాలావరకు ఒక దారిలో నడిపించింది.

ఇక ఖరీదు. అఫ్గానిస్థాన్ తర్వాత అమెరికా సోవియట్‌కు ధాన్యం అమ్మకాలపై నిషేధం పెట్టింది, మాస్కో ఒలింపిక్స్‌ను తాను బహిష్కరించి అనేక దేశాల చేత బహిష్కరింపజేసింది. (మన హాకీ జట్టు అక్కడికి వెళ్ళి స్వర్ణం తెచ్చింది, అది వేరే కథ.) గ్రెనడా తర్వాత అమెరికాకు ఏం జరిగిందని అడిగితే జవాబు రీగనే చెప్పారు: వంద దేశాలు కాదన్నంత మాత్రాన తన ఉదయపు ఫలాహారానికి ఏ ఇబ్బందీ కలగలేదన్నారు. పొగరు మాటే గాని, అబద్ధం మాత్రం కాదు.

ఈ తేడాను ఒకే దేశం చరిత్రలో చూడాలంటే ఇరాక్‌ను మించిన ఉదాహరణ లేదు. ఇరవై మూడేళ్ళలో మూడు దండయాత్రలు. మొదటి రెండింటిలో ఇరాక్ కర్త, మూడవదానిలో కర్మ. 1980 సెప్టెంబరు 22న సద్దాం హుస్సేన్ సేనలు ఇరాన్‌లోకి చొరబడ్డాయి. ఆరు రోజుల తర్వాత భద్రతామండలి ఆమోదించిన 479వ తీర్మానం ఉభయపక్షాలూ బలప్రయోగం మానుకోవాలని హితవు చెప్పి ఊరుకుంది. ఇరాక్ సైన్యం వెనక్కు వెళ్ళాలన్న మాట అందులో ఎక్కడా లేదు. అప్పటికి అమెరికా దౌత్య సిబ్బంది టెహ్రాన్‌లో బందీలుగా ఉన్నారు, ఇరాన్ విప్లవ ప్రభుత్వమంటే గల్ఫ్ రాజులకు హడలు, కనుక ఇరాన్ తరఫున మాట్లాడేవాడు లేడు. 1982 మేలో ఇరాన్ తన ఖుర్రంషహర్ నగరాన్ని తిరిగి గెలుచుకుని ఎదురుదాడికి సిద్ధమయ్యాక, జూలై 12న వచ్చిన 514వ తీర్మానంలో మొదటిసారి, సేనలు అంతర్జాతీయ సరిహద్దులకు వెళ్ళాలన్న వాక్యం కనిపించింది. ఇరాక్ సేనలు ఇరాన్ గడ్డ మీద తిష్ఠ వేసినన్నాళ్ళూ గుర్తుకు రాని సరిహద్దు, ఇరాన్ సేనలు దాన్ని దాటబోయే వేళకు గుర్తుకు వచ్చిందన్నమాట. ఎనిమిదేళ్ళు సాగిన ఆ యుద్ధానికి బాధ్యత ఇరాక్‌దేనని సమితి ప్రధాన కార్యదర్శి పెరెజ్ ద క్వెయ్యార్ తన నివేదికలో తేల్చి చెప్పింది 1991 డిసెంబరులో. అప్పటికి సద్దాం లోకానికంతటికీ శత్రువయ్యాడు, నిజం చెప్పడం తేలికైంది.

అదే సద్దాం 1990 ఆగస్టు 2న కువైట్‌ను ఆక్రమించాడు. ఆ రోజే 660వ తీర్మానం బేషరతుగా వైదొలగమంది; నాలుగు రోజులకు 661వ తీర్మానం వాణిజ్య ఆంక్షలు విధించింది; నవంబరు 29న 678వ తీర్మానం బలప్రయోగానికి అనుమతి ఇచ్చింది. పదేళ్ళ క్రితం ఆరు రోజులు ఆలోచించి అరమాట మాట్లాడిన మండలి ఇదేనా అనిపిస్తుంది. యుద్ధం ముగిశాక కువైట్‌కు, అక్కడ బతుకుతెరువు కోల్పోయిన విదేశీయులకు ఇరాక్ చమురు ఆదాయం నుంచే నష్టపరిహారం ఇప్పించే కమిషన్ ఏర్పడింది. అప్పట్లో మన ప్రభుత్వం విమానాలు పంపి వెనక్కు తీసుకొచ్చినవారు లక్షా డెబ్భై వేలకు పైనే. కట్టుబట్టలతో తిరిగి వచ్చిన భారతీయ కార్మికుల్లో ఎందరికో ఆ కమిషన్ ద్వారానే డబ్బు అందింది. ఇది మంచి పనే. దురాక్రమణ చేసినవాడు నష్టం కట్టి తీరాలన్న సూత్రం ఇంత పూర్తిగా అమలైన సందర్భం మరొకటి నాకు కనిపించదు.

అయితే కథ అక్కడ ఆగలేదు. 2003 మార్చి 20న అమెరికా, బ్రిటన్ సేనలు భద్రతామండలి అనుమతి లేకుండా ఇరాక్‌లోకి ప్రవేశించాయి. ఏ సామూహిక విధ్వంసక ఆయుధాల పేరు చెప్పి వెళ్ళారో అవి దొరకలేదు. ఆ యుద్ధం సమితి మూల ఒప్పందమైన ఛార్టర్‌కు విరుద్ధమని ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్ 2004 సెప్టెంబరులో అంగీకరించారు, అదీ బీబీసీ విలేకరి గుచ్చి గుచ్చి అడిగితే. మండలి గాని, సర్వప్రతినిధి సభ గాని దాన్ని ఖండిస్తూ ఒక్క తీర్మానం కూడా ఆమోదించలేదు. తప్పును తప్పనడంలో ప్రపంచం నిలకడగా ఉందని నేను పైన అన్నదానికి ఇది పెద్ద మినహాయింపు, దాన్ని దాచను. 2003 మే 22న మండలి చేసిన 1483వ తీర్మానాన్ని ఒకసారి తెరిచి చదవండి. అమెరికా, బ్రిటన్‌లను ఆక్రమణదారులుగా గుర్తించి వారి బాధ్యతలను వివరించిన ఆ కాగితమే, ఇరాక్ చమురు రాబడిలో 5 శాతం కువైట్ పరిహారానికి ఇక ముందు కూడా జమ కావాలని చెప్పింది. అంటే తాను చేసిన దండయాత్రకు నష్టపరిహారం కడుతూ ఉన్న దేశం మీద మరొకరు దండయాత్ర చేశారు. ఆ కట్టుబడి ఆగలేదు, తన మీద జరిగినదానికి మాత్రం దానికి పైసా రాలేదు. మొత్తం 5,240 కోట్ల డాలర్లు కట్టి, ఆఖరి వాయిదాను 2022 జనవరిలో తీర్చుకుంది. కమిషన్‌ను మూసివేస్తూ భద్రతామండలి తీర్మానించింది ఫిబ్రవరి 22న. రెండు రోజుల తర్వాత రష్యా ట్యాంకులు ఉక్రెయిన్‌లోకి వెళ్ళాయి.

పెద్ద రాజ్యాలే ఇలా చేస్తాయనుకుంటే అదీ పొరపాటు. 1979 జనవరి 7న వియత్నాం సేనలు కంబోడియా రాజధాని నాంపెన్‌ను పట్టుకుని, లక్షల మందిని చంపించిన పోల్‌పాట్ ప్రభుత్వాన్ని కూలదోశాయి. ఏప్రిల్ 11న టాంజానియా సేనలు ఉగాండా రాజధాని కంపాలా చేరి ఈదీ అమీన్‌ను తరిమేశాయి. రెండు చోట్లా దాడికి గురైన పొరుగుదేశమే ఎదురుతిరిగింది, రెండు చోట్లా పడిపోయినవాడు నరహంతకుడు, రెండు చోట్లా గెలిచినవారి సేనలు వెంటనే వెనక్కు పోలేదు. టాంజానియా గురించి భద్రతామండలి సమావేశం కూడా కాలేదు. వియత్నాం మాత్రం దశాబ్దం పాటు వెలివేతను అనుభవించింది. పోల్‌పాట్ పక్షం దేశాన్ని పోగొట్టుకున్నా న్యూయార్క్‌లోని సమితిలో కంబోడియా కుర్చీని మాత్రం పోగొట్టుకోలేదు. కారణం వెదకడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. వియత్నాం వెనుక మాస్కో ఉంది, పోల్‌పాట్ వెనుక చైనా ఉంది, చైనా వైపు అప్పటికి అమెరికా మొగ్గింది. టాంజానియా అధ్యక్షుడు జూలియస్ నైరేరే వెనుక ఎవరూ లేరు, ఈదీ అమీన్ కోసం ఏడ్చేవాడూ పెద్దగా లేడు.

ఖరీదు వసూలు చేసే పని ఇంత అస్తవ్యస్తంగా ఉండడానికి మనుషుల కపటం ఒక్కటే కారణం కాదు, యంత్రాంగం నిర్మాణంలోనే ఆ లోపం ఉంది. ఛార్టర్ 2వ అధికరణం 4వ ఖండం బలప్రయోగాన్ని నిషేధించింది; దాన్ని అమలు చేసే అధికారాన్ని మాత్రం వీటో ఉన్న ఐదుగురి చేతిలో పెట్టింది. వివాదంలో భాగస్వామి అయిన దేశం ఓటు వేయరాదని 27వ అధికరణం చెబుతున్నా, అది శాంతియుత పరిష్కారానికి సంబంధించిన తీర్మానాలకే పరిమితం. ఆ పరిమితిలోనైనా దాన్ని పాటించడం దశాబ్దాల కిందటే మానేశారు. అందుకే 2022 ఫిబ్రవరి 25న తన దండయాత్ర గురించిన తీర్మానాన్ని రష్యా తానే వీటో చేయగలిగింది. అంతర్జాతీయ న్యాయస్థానం తీర్పు ఇస్తే దాని అమలు కోసం మళ్ళీ ఆ మండలి గడపే తొక్కాలి. 1986 జూన్ 27న నికరాగువాకు అనుకూలంగా, అమెరికాకు వ్యతిరేకంగా వచ్చిన తీర్పును అమలు చేయమని కోరిన తీర్మానాన్ని వీటో చేసింది అమెరికాయే. దురాక్రమణ నేరంపై హేగ్‌లోని అంతర్జాతీయ నేర న్యాయస్థానానికి 2018 జూలైలో అధికారం వచ్చింది గాని, సభ్యత్వం లేని దేశాల వారిని భద్రతామండలి పంపితే తప్ప ఆ నేరం కింద విచారించకూడదన్న షరతుతో వచ్చింది. అమెరికా, రష్యా, చైనా, భారత్ నాలుగూ అందులో సభ్యులు కావు. ఈ అడ్డంకి వల్లనే ఉక్రెయిన్ మీద జరిగిన దురాక్రమణ కోసం 2025 జూన్‌లో యూరప్ మండలి, ఉక్రెయిన్ కలిసి ప్రత్యేక ట్రిబ్యునల్ ఒప్పందం చేసుకున్నాయి. ఒక్క యుద్ధం కోసం ఒక న్యాయస్థానం: మిగిలిన యుద్ధాల బాధితులు దాన్ని ఎలా చూస్తారో మీరే ఊహించుకోవచ్చు.

మండలి చేయలేని పనిని దేశాలు విడివిడిగా చేస్తే వాటినే మనం ఆంక్షలంటున్నాం. డాలర్లు, యూరోలు, బ్యాంకుల మధ్య సమాచార వ్యవస్థ, ఓడల బీమా, విమానాల విడిభాగాలు ఎవరి చేతిలో ఉంటే ఆ ఆయుధం వారిది. రష్యా కేంద్ర బ్యాంకుకు చెందిన సుమారు 30,000 కోట్ల డాలర్ల నిల్వలను స్తంభింపజేయడం పశ్చిమ దేశాలకు సాధ్యమైంది, ఎందుకంటే ఆ నిల్వలు వారి దగ్గరే ఉన్నాయి. 2003లో బ్రెజిల్ గాని, దక్షిణాఫ్రికా గాని అమెరికాపై అలాంటి పని చేయాలనుకున్నా చేయగలిగింది ఏమీ లేదు. మీ ప్రశ్నకు నేరుగా జవాబు కావాలంటే ఇదే: 2003లో చట్టం లేక కాదు, తీర్పును అమలుపరిచే బేలిఫు లేక.

సామర్థ్యం లేకపోవడం ఒకటి, సామర్థ్యం ఉండీ మనసు లేకపోవడం మరొకటి. యుద్ధ శరణార్థులకు తాత్కాలిక రక్షణ ఇచ్చే చట్టాన్ని యూరోపియన్ యూనియన్ 2001లోనే చేసుకుంది. 2015లో సిరియన్లు లక్షల సంఖ్యలో వచ్చినప్పుడు దాన్ని బయటకు తీయలేదు. 2022 మార్చి 4న ఉక్రేనియన్ల కోసం మొట్టమొదటిసారి తీసింది. ఫుట్‌బాల్ సమాఖ్యలు నాలుగు రోజుల్లో రష్యా జట్లను పక్కన పెట్టాయి. 2003లో అలాంటి ఆలోచన ఎవరికీ రాలేదు. 2022 మార్చిలో మా వీధిలోని ఒక కుటుంబం ఖార్కివ్‌లో వైద్యవిద్య చదువుతున్న తమ కూతురు కోసం రాత్రింబవళ్ళు ఫోను పట్టుకుని కూర్చుంది. పోలండ్ సరిహద్దులో మన పిల్లలను వెనక్కు నెట్టి ఉక్రేనియన్లను ముందు దాటిస్తున్నారని ఆ అమ్మాయి ఏడుస్తూ చెప్పిన రోజున, ద్వంద్వ ప్రమాణాలంటే ఏమిటో ఆ తల్లిదండ్రులకు నేను పాఠం చెప్పనక్కర్లేకపోయింది.

ఒక న్యాయమైన అభ్యంతరాన్ని మాత్రం దాటవేయకూడదు. ఇరాక్, ఉక్రెయిన్ అన్ని విధాలా ఒకటి కావు. అమెరికా ఇరాక్ భూభాగాన్ని తన దేశంలో కలుపుకోలేదు. రష్యా 2022 సెప్టెంబరులో నాలుగు ప్రాంతాలను కలుపుకుంటున్నానని ప్రకటించింది. భూమిని కలుపుకోవడం 1945 తర్వాతి ప్రపంచానికి అన్నిటికంటే ప్రమాదకరమైన పని, అందువల్ల ప్రతిస్పందన కొంత తీవ్రంగా ఉండడం సహజం. కాని ఈ వాదనను వినిపించే అమెరికాయే 1981లో ఇజ్రాయెల్ కలుపుకున్న సిరియా భూభాగం గోలన్‌ను 2019 మార్చిలోను, 1975లో మొరాకో ప్రవేశించిన పశ్చిమ సహారాను 2020 డిసెంబరులోను గుర్తించింది. గోలన్ విలీనం చెల్లదన్న 497వ తీర్మానానికి 1981లో తానే ఓటు వేసింది కూడా. కనుక ఆ అభ్యంతరాన్ని ఒప్పుకోండి, అది ఎవరి నోట వస్తున్నదో కూడా గమనించండి.

ఇప్పుడు రెండవ ప్రశ్నకు వస్తాను. సాయంత్రం బీచ్‌రోడ్డులో నడిచేటప్పుడు కురుసుర జలాంతర్గామిని, దాని సమీపంలో 1971 విజయానికి గుర్తుగా నిలిపిన స్మారకాన్ని మీరూ చూసే ఉంటారు. పాకిస్థాన్ జలాంతర్గామి ఘాజీ మన రేవు ముందు మునిగింది ఆ ఏడాది డిసెంబరు 3, 4 తేదీల నడిమి రాత్రి. దానికి మూడు రోజుల తర్వాత న్యూయార్క్‌లో ఏం జరిగిందో ఆ స్మారకం చెప్పదు. డిసెంబరు 7న సర్వప్రతినిధి సభ, కాల్పులు ఆపి సేనలను ఎవరి సరిహద్దుకు వారు తీసుకుపోవాలని 104 ఓట్లతో తీర్మానించింది. వ్యతిరేకించినవి 11, దూరంగా ఉన్నవి 10. ఆ 104ను గుర్తు పెట్టుకోండి. ఎనిమిదేళ్ళ తర్వాత అఫ్గానిస్థాన్ విషయంలో సోవియట్‌కు ఎదురుగా పడినవీ సరిగ్గా అన్నే.

మన పక్షాన చెప్పవలసింది చాలా ఉంది. 1971 మార్చి 25 నుంచి తూర్పు బెంగాల్‌లో ఊచకోత సాగుతూ, కోటి మంది శరణార్థులు మన మీద పడుతున్నా, భద్రతామండలి డిసెంబరు 4 దాకా ఒక్కసారి కూడా ఆ విషయమై కూర్చోలేదు. ఎనిమిది నెలల శవాలకు దొరకని సమావేశం సరిహద్దు దాటిన మొదటి భారతీయ సైనికుడికి దొరికింది. ఇదీ ద్వంద్వ ప్రమాణమే, బహుశా అన్నిటిలోకి క్రూరమైనది: దేశం లోపల జరిగే హత్యాకాండకు ఒక తూకం, గీత దాటడానికి మరో తూకం. అయినా అప్పుడు మనల్ని కాపాడింది సోవియట్ వీటో. 1961 డిసెంబరు 18న గోవా మీద తీర్మానానికి 7 ఓట్లు అనుకూలంగా పడినా దాన్ని ఆపింది కూడా అదే వీటో. వీటోను తిట్టేటప్పుడు ఈ రెండు తేదీలనూ మన వాళ్ళు చల్లగా మరచిపోతారు.

మనకు అంత సులువుగా సమర్థించుకోలేని తేదీలూ ఉన్నాయి. 1956 అక్టోబరు చివర బ్రిటన్, ఫ్రాన్స్, ఇజ్రాయెల్ కలిసి ఈజిప్టు మీద పడితే నెహ్రూ వెంటనే, గట్టిగా ఖండించారు. అదే వారంలో, నవంబరు 4న, సోవియట్ ట్యాంకులు బుడాపెస్ట్‌లోకి దిగితే మన గొంతు పెగల్లేదు. నవంబరు 9న సోవియట్ సేనలు వైదొలగి, సమితి పర్యవేక్షణలో హంగరీలో ఎన్నికలు జరగాలన్న తీర్మానానికి మన ప్రతినిధి కృష్ణమీనన్ వ్యతిరేకంగా ఓటు వేశారు. కమ్యూనిస్టేతర దేశాల్లో అలా వేసిన దేశం మనదొక్కటే. సమితి పర్యవేక్షణలో ఎన్నికలన్న మాట రేపు కశ్మీర్ మీదికి తిరుగుతుందన్న భయం దాని వెనుక ఉంది. ఆ ఓటును జయప్రకాశ్ నారాయణ్ ఆనాడే నిలదీశారు. 1980లో అఫ్గానిస్థాన్ విషయంలో దూరంగా ఉన్నాం, 2014లో క్రిమియా విషయంలో దూరంగా ఉన్నాం, 2022లోనూ అంతే. ఇరాక్ మీద 2003 ఏప్రిల్‌లో మన పార్లమెంటు చేసిన తీర్మానంలో ఏ మాట వాడాలన్నదే పెద్ద తర్జనభర్జన అయింది. చివరికి హిందీలో నింద అనే మాట పెట్టారు, ఇంగ్లీషు పాఠంలో దానికి ఖండన కంటే ఒక మెట్టు తక్కువైన మాట వాడుకున్నారు. తెలుగులో నింద అంటే నీలాపనింద గుర్తుకు వస్తుంది, చేయని తప్పును మోపడమన్న అర్థం ముందు తడుతుంది. మన భాషలోనే ఆ తీర్మానం రాయవలసి వస్తే ఏ మాట ఎంచుకునేవారో అని నేను తరగతిలో అడిగేవాణ్ణి. అయితే ఆ జూలైలోనే, సమితి ఆదేశం లేకుండా ఇరాక్‌కు సేనలను పంపబోమని అమెరికాకు చెప్పడం మాత్రం స్పష్టమైన నిర్ణయం, దానికి విలువ ఇవ్వాలి.

2022కు ముందు మన ముడిచమురు దిగుమతుల్లో రెండు శాతం కూడా లేని రష్యా చమురు ఆ తర్వాత కొద్దికాలంలోనే మూడో వంతును దాటిపోయింది. రేవు బయట లంగరేసిన ఓడల్లో ఏది ఎవరి చమురో ఒడ్డున నిలబడ్డవాడికి తెలియదు, పెట్రోలు బంకు దగ్గర అడిగేవాడూ లేడు. ఇందులో తప్పు లేదని వాదించవచ్చు, యూరప్ కూడా రష్యా గ్యాస్ కొంటూనే ఉందని వాదించవచ్చు, రెండూ నిజాలే. కాని అది ప్రయోజనం లెక్క, నీతి లెక్క కాదు. అదే సంవత్సరం మార్చి 16న రష్యా తన సైనిక చర్యను ఆపాలని అంతర్జాతీయ న్యాయస్థానం 13–2 తేడాతో ఆదేశించినప్పుడు, ఆ పదముగ్గురిలో భారతీయ న్యాయమూర్తి దల్వీర్ భండారీ ఉన్నారు. న్యాయమూర్తి ప్రభుత్వ ప్రతినిధి కాడు, అలా ఉండడమే సరైనది. వ్యాసంలో ఈ సంగతి రాస్తే పరీక్షకుడు తల ఎత్తి చూస్తాడు.

భారతీయ న్యాయమూర్తులంటే మరొకరిని తలచుకోక తప్పదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు ఈ ఊరి రేవు మీద బాంబులు వేశాయి. ఆ రోజుల్లో జనం ఊళ్ళు ఖాళీ చేసి పోయిన కథలు మా పెద్దవాళ్ళు చెప్పేవారు. ఆ జపాన్ నాయకులను టోక్యోలో విచారించిన న్యాయస్థానంలో రాధావినోద్ పాల్ ఒకరు. 1948లో ఆయన రాసిన భిన్నాభిప్రాయం నిందితులందరినీ నిర్దోషులన్నది. జపాన్ ఘోరాలు జరగలేదని ఆయన అనలేదు. దురాక్రమణ యుద్ధం అప్పటికి చట్టరీత్యా నేరం కాదని, ఆసియాను బలంతో పట్టుకున్న వలసరాజ్యాలు ఆ నేరాన్ని ఇతరుల మీద మోపడానికి తగవని ఆయన వాదం. నాకు ఆయన ప్రశ్న సరైనదనిపిస్తుంది, జవాబు మాత్రం కాదు. దొంగను పట్టుకున్నవాడు కూడా దొంగే అయితే ఆ రెండోవాణ్ణి పట్టుకునే దారి వెదకాలి గాని, మొదటివాణ్ణి వదిలేయకూడదు. అలా వదిలేస్తే బాంబులు పడిన ఊరి వాళ్ళకు మిగిలేదేమిటి? ఉక్రెయిన్ మాట ఎత్తగానే ఇరాక్ సంగతేమిటని, గాజా మాట ఎత్తగానే ఉక్రెయిన్ సంగతేమిటని అడిగే పద్ధతి ఇప్పుడు వాదనల్లో మామూలైపోయింది. ఇరాక్ పేరు చెప్పి ఖార్కివ్‌ను పక్కన పెట్టినవాడు ఇరాక్ ప్రజలకూ ఏ మేలూ చేయలేదు.

చట్టం ఉత్త మాటేనా అన్నదానికి నేను తూర్పు తైమూర్‌ను చూపిస్తాను. పోర్చుగల్ వలసగా ఉన్న దాన్ని 1975 డిసెంబరు 7న ఇండొనేసియా ఆక్రమించింది. అంతకు ముందురోజే అమెరికా అధ్యక్షుడు ఫోర్డ్, విదేశాంగ మంత్రి కిసింజర్ జకార్తాలో ఇండొనేసియా అధ్యక్షుడు సుహార్తోతో భేటీ అయి ఉన్నారు. డిసెంబరు 22న భద్రతామండలి 384వ తీర్మానం ఏకగ్రీవంగా సేనలను వెనక్కు పిలవమంది. ఇండొనేసియా వినలేదు, వినిపించే ప్రయత్నమూ ఎవరూ చేయలేదు. ఆస్ట్రేలియా ఆ విలీనాన్ని గుర్తించి, 1989లో ఇండొనేసియాతో సముద్రగర్భ చమురు ఒప్పందం కూడా చేసుకుంది. ఇరవై నాలుగేళ్ళు ఆ తీర్మానం చెల్లని కాగితంలా పడి ఉంది. సుహార్తో పతనమయ్యాక, 1999 ఆగస్టు 30న సమితి ఆధ్వర్యంలో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో 78.5 శాతం మంది ఇండొనేసియా ప్రతిపాదనను కాదని విడిపోవడానికే ఓటు వేశారు. ఆ విలీనాన్ని సమితి ఏనాడూ ఒప్పుకోలేదు గనుకనే 1999లో తైమూర్ సమస్య ఇండొనేసియా ఇంటి గొడవగా కాక, ముగియని వలస సమస్యగా బల్ల మీదికి రాగలిగింది. మధ్యలో పోయిన ప్రాణాలకు ఆ కాగితం ఏ విధంగానూ సమాధానం కాదు, ఆ మాట కూడా రాయండి.

కొత్త ఉదాహరణ కావాలంటే 2025 ఫిబ్రవరిలోని ఒకే వారం సరిపోతుంది. 21వ తేదీన భద్రతామండలి 2773వ తీర్మానంతో, కాంగో నుంచి సేనలను ఉపసంహరించుకోవాలని రువాండాను పేరుపెట్టి, ఏకగ్రీవంగా ఆదేశించింది. 24వ తేదీన అదే మండలి 2774వ తీర్మానంతో ఉక్రెయిన్ సంఘర్షణ త్వరగా ముగియాలని కోరింది. దురాక్రమణ అన్న మాట గాని, రష్యా సేనలు వైదొలగాలన్న మాట గాని అందులో లేవు. యూరప్ సభ్యదేశాలు ఐదూ ఓటుకు దూరంగా ఉన్నాయి, అమెరికా, రష్యా ఒకే వైపు ఓటు వేశాయి. అదే రోజు సర్వప్రతినిధి సభలో ఉక్రెయిన్ తీర్మానానికి పడిన ఓట్లు 93కు తగ్గాయి. మూడేళ్ళ కిందట 141 అన్న లెక్కను బట్టి పశ్చిమ దేశాలు సూత్రానికి కట్టుబడ్డాయని నమ్మినవారికీ, మిగిలిన ప్రపంచం సూత్రాన్ని వదిలేసిందని తిట్టినవారికీ ఆ వారం బాగా ఇబ్బంది కలిగించి ఉండాలి. రువాండా చిన్న దేశం, దానికి వీటో లేదు, అందుకే దాని పేరు రాయగలిగారు. కాంగో ప్రజలకు దానివల్ల ఒరిగింది కూడా తక్కువే: అంతకు ముందు ఉగాండా చేసిన దురాక్రమణపై 2005లోనే తీర్పు గెలిచినా, పరిహారం తేలింది 2022 ఫిబ్రవరిలో, 32.5 కోట్ల డాలర్లకు. కువైట్ లెక్క పక్కన దాన్ని పెట్టి చూడండి.

మీ వ్యాసం చివరి వాక్యం విషయానికొస్తే, భారతదేశం ఎల్లప్పుడూ దురాక్రమణను వ్యతిరేకించిందన్న దానిలో ఎల్లప్పుడూ అన్న మాటను కొట్టేయండి. దాని స్థానంలో సూయజ్ గురించి ఒక వాక్యం, 1956 నవంబరు 9 ఓటు గురించి ఒక వాక్యం రాసి, ఆ రెండింటికీ మధ్య రెండు వారాలు కూడా లేవని తేదీలతో సహా చూపించండి.